పట్టాల ప్రక్క వీధి

ట్రాంబండి అన్న మాట నేటి విద్యార్థులకు పాత కథలలో తప్ప ఎదురుపడదు. ఒకప్పుడు చదువు కోసం, కొలువు కోసం, అచ్చుపని కోసం చెన్నపట్టణం చేరిన తెలుగువారికి అది నిత్యం ఎక్కి దిగే బండి. 1895లో ఆ నగర వీధులలో విద్యుత్తుతో నడిచే ట్రాంలు మొదలయ్యాయి; 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం అవతరించినదీ ఆ సంవత్సరమే. చెన్నపట్టణం ఎవరిదన్న వాదం మిన్నుముట్టిన ఆ రోజులలో, ఆగిపోయిన బండిని గురించి చింతించే తీరిక ఎవరికుంటుంది?

చెన్నపట్టణంలో జరిగినదే ఆ కాలంలో అనేక దేశాలలో జరిగింది. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో 1950లో, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ నగరంలో 1960లో పాత ట్రాంలు నిలిచిపోయాయి. పట్టాలున్న చోటును కార్లు ఆక్రమించాయి. కార్లు పెరిగినకొద్దీ దారులు వెడల్పయ్యాయి. దారులు వెడల్పయినకొద్దీ కాలిబాటలు సన్నగిల్లాయి. నడిచేవాడు గోడవారకు ఒదిగిపోయాడు. ముప్పై నలభై ఏళ్లు గడిచేసరికి ఆ నగరాలే మళ్లీ పట్టాలు పరచుకున్నాయి. ఇప్పుడు ఈ తరహా బండికి ఎక్కువగా వినబడే పేరు లైట్ రైల్. ఆ పేరులోని తేలికదనం బండి తూకానికి సంబంధించినది కాదు. పెద్ద రైళ్లు మోసినంత జనాన్ని మోయదు, వాటికైనంత ఖర్చూ కాదు అని దాని భావం.

మెట్రో రైలుకూ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మెట్రో ఎక్కదలచినవాడు భూమిలోకి దిగాలి, లేదా మెట్లెక్కి ఆకాశమార్గానికి చేరాలి. లైట్ రైల్ నగరం నడిబొడ్డున సాధారణంగా నేలమీదనే, వీధిలోనే నడుస్తుంది. బండి దిగినవాడి మొదటి అడుగు కాలిబాట మీద పడుతుంది. అంటే ఆ వీధే దానికి స్టేషను. అక్కడ నీడ లేకపోతే స్టేషనుకు కప్పు లేనట్లే; అక్కడ కూర్చునే చోటు లేకపోతే స్టేషనులో బల్ల లేనట్లే. కాబట్టి పట్టాలు పరచే ఇంజనీరు, ఇష్టమున్నా లేకున్నా, వీధిని తీర్చిదిద్దే బాధ్యతను కూడా నెత్తిన వేసుకుంటాడు. ఆ సంగతి గ్రహించిన నగరాలున్నాయి, గ్రహించని నగరాలూ ఉన్నాయి.

పాత తెలుగు ఇళ్లకు అరుగు ఉండేది. అది ఇంటివారి సొత్తే. ఇంటి ఇల్లాలే దానిని అలికి, అంచున ముగ్గుపెట్టేది. కాని దానిమీద కూర్చునే హక్కు దారినపోయే ప్రతివారికీ ఉండేది. ఎండకు సొమ్మసిల్లిన బాటసారి, మూట దింపుకొన్న చీరల వర్తకుడు, పొద్దుపోని ముసలివారు, వానకు పరుగెత్తుకొచ్చిన బడిపిల్లలు, అందరికీ అదే ఆసరా. ఇంటికీ వీధికీ నడుమ, ఇద్దరికీ చెందినట్టుగా ఉండే ఆ రెండు మూరల చోటు వల్లనే వీధికి మనుషులు నిలిచేవారు. పట్టాలు జనాన్ని తెస్తాయి. తెచ్చిన జనం అక్కడ కాసేపు నిలవడానికి అరుగు వంటిది ఏదో ఒకటి కావాలి. పోర్ట్‌లండ్, బఫెలో, స్ట్రాస్‌బూర్ నగరాల చరిత్రలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూస్తే ఈ విషయం బాగా బోధపడుతుంది.

పోర్ట్‌లండ్ అమెరికా పడమటి తీరాన, ఆరెగన్ రాష్ట్రంలో విల్లమెట్ నది ఒడ్డున వెలసిన నగరం. 1970ల తొలినాళ్లలో అది కూడా ఇతర అమెరికా నగరాల వలెనే కార్ల వశమై ఉన్నది. నగరం నడుమ పెద్ద భవనాలను కూలగొట్టి కార్లు నిలుపుకొనే స్థలాలుగా మార్చారు. నది ఒడ్డున వేగంగా పోయే రహదారి ఉండడం వల్ల నీటి దగ్గరకు పోవాలంటే దానిని దాటుకొని పోవలసి వచ్చేది. 1972లో నగర మధ్యభాగానికి ఒక ప్రణాళిక తయారయింది. 1974లో నదీతీరపు రహదారిని మూసివేశారు; అక్కడ ఉద్యానవనం వెలసింది. అదే సంవత్సరం మౌంట్ హుడ్ ఫ్రీవే అనే మరొక మహారహదారి ప్రతిపాదనను నగరపాలక మండలి తిరస్కరించింది. దానిని నిర్మించి ఉంటే వెయ్యికి పైగా ఇళ్లు నేలమట్టమయ్యేవి. రహదారికి రావలసిన కేంద్ర ప్రభుత్వ ధనంలో కొంత భాగాన్ని ప్రజారవాణాకు మళ్లించారు. ఆ ధనం ఊతంతో మ్యాక్స్ అనే లైట్ రైల్ మార్గం రూపుదిద్దుకొని, 1986 సెప్టెంబరు 5న మొదలయింది. గ్రెషం అనే శివారు పట్టణం నుంచి నగరం నడిబొడ్డు దాకా దాని నిడివి సుమారు 24 కిలోమీటర్లు.

శివారులో ఆ బండి రైలు వలె వేగంగా పోతుంది. నగర మధ్యానికి వచ్చేసరికి నడక తగ్గించి, వీధిలో సంకేత దీపాలకు లోబడి, పెద్దమనిషి తరహాగా సాగుతుంది. ఈ వినయానికి ఒక కారణం వీధుల అమరికలోనే ఉన్నది. పోర్ట్‌లండ్‌ను మొదట కొలిచి గీసినవారు ఒక అడ్డవీధికీ మరొక అడ్డవీధికీ నడుమ 200 అడుగులు, అంటే 61 మీటర్లే ఉంచారు. అమెరికాలోని చాలా నగరాలలో ఈ దూరం ఇంతకన్నా ఎక్కువ. రైలు ఆగినప్పుడు అడ్డవీధిని మూసివేయకూడదు గనుక ఆ 61 మీటర్లలోనే ఇమడాలి. అందుచేత అక్కడి రైలుకు రెండే పెట్టెలు. మరికొందరిని ఎక్కించుకోలేకపోవడం రవాణా అధికారులకు చికాకే. కాని నడిచేవాడికి అదొక వరం. నిమిషం తిరగకముందే ఒక మూల మలుపు వస్తుంది. అక్కడ వెలుతురు వస్తుంది, గాలి వస్తుంది, మూలమీది దుకాణం రెండు వైపులా తలుపులు తెరుచుకొని ఉంటుంది. రైలుకోసం వీధిని సాగదీయక, వీధి కొలతకు రైలును కుదించడం ఆ నగరం చేసిన మంచి పని.

వస్తూ పోతూ ఉండే రెండు దిక్కుల పట్టాలను ఒకే వీధిలో ఇరికించక, ప్రక్క ప్రక్క వీధులలో ఒక్కొక్కటిగా వేశారు. తూర్పుకు పోయే బండ్లు యామ్‌హిల్ వీధిలో, పడమరకు పోయేవి మారిసన్ వీధిలో నడుస్తాయి. రెండింటి నడుమ పయనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్ అనే చౌకు ఉన్నది. దాని కథ చెప్పుకోదగినది. 1890లో అక్కడ ఒక గొప్ప హోటలు ఉండేది. 1951లో దానిని పడగొట్టి, ప్రక్కనున్న పెద్ద దుకాణానికి వచ్చేవారి కార్ల కోసం రెండంతస్తుల కట్టడం లేపారు. నగర ప్రణాళిక వచ్చాక ఆ స్థలం ప్రజల చౌకు కావాలని తీర్మానించారు. 1980లో నమూనాల పోటీ పెట్టారు. విల్లర్డ్ మార్టిన్ అనే వాస్తుశిల్పి బృందం గెలిచింది. అంతలో ధనం చాలదన్నారు. బహిరంగ చౌకు కడితే పనిలేనివారు చేరతారన్న భయం కొందరు వర్తకులది. నాటి మేయరు కూడా విముఖంగానే ఉన్నాడు. అప్పుడు పౌరులు పూనుకొని ఇటుకలు అమ్మారు. ఒక్కొక్క ఇటుక 15 డాలర్లు. కొన్నవారి పేరు దానిమీద చెక్కుతారు. వేల సంఖ్యలో అమ్ముడుపోయాయి. 1984 ఏప్రిల్ 6న చౌకు తెరుచుకున్నది. అక్కడ నడిచేవారు తమ తాతల పేర్లు, స్నేహితుల పేర్లు వెతుక్కుంటూ తలవంచుకొని తిరగడం ఇప్పటికీ ఒక వేడుక.

ఆ చౌకులో ప్రత్యేకించి చూడవలసినది మెట్ల వరుస. ఒక వైపు నేల కిందికి వాలుతూ, అర్ధచంద్రాకారంలో మెట్లు దిగుతాయి. అవి ఎక్కడానికి ఉపయోగపడేకన్నా కూర్చోవడానికి ఎక్కువ ఉపయోగపడతాయి. విలియం వైట్ అనే పరిశీలకుడు న్యూయార్కు నగరపు చౌకులను ఏళ్ల తరబడి చలనచిత్రాలు తీసి, జనం ఎక్కడ గుమికూడుతున్నారో లెక్కకట్టి, 1980లో ఒక పుస్తకం వెలువరించాడు. జనం ఎక్కువగా కూర్చునేది కూర్చునే చోటున్న దగ్గరే అని ఆయన తేల్చాడు. వినడానికి నవ్వు వస్తుంది. దానికి పరిశోధన కావాలా అనిపిస్తుంది. కాని నగరాలలో ఎన్ని భవనాల ముందు, ఎవరూ కూర్చోకుండా అరుగు అంచున ఇనుప ముళ్లు నాటి ఉంటాయో తలచుకుంటే, ఆ చిన్న సత్యం చెప్పడానికి అన్నేళ్లు పట్టడంలో వింత లేదు. ఆయన గమనించిన మరొక సంగతి ఏమిటంటే, దారిలో కలిసిన ఇద్దరు స్నేహితులు మాట్లాడుకోవడానికి ప్రక్కకు తొలగరు. జనప్రవాహం నడుమనే నిలబడతారు. అందుకు తగిన వెడల్పు కాలిబాటకు ఉండాలి.

పోర్ట్‌లండ్‌లో వానలెక్కువ. అందుచేత దుకాణాల ముందు కాలిబాట మీదికి చూరు దించుకోవడాన్ని నగర మార్గదర్శక నియమాలు ప్రోత్సహిస్తాయి. చౌకులో గొడుగు పట్టుకొని నిలిచిన మనిషి కంచు విగ్రహం కూడా ఒకటి ఉన్నది. నీటి సంగతి మరీ ముచ్చటైనది. సైమన్ బెన్సన్ అనే కలప వ్యాపారి 1912లో 10,000 డాలర్లు ఇచ్చి వీధులలో 20 కంచు నీటికుళాయిలు పెట్టించాడు. నాలుగు గిన్నెలలో నీరు ఉబికే ఆ కుళాయిలను ఆయన పేరిటనే పిలుస్తారు. తన కూలీలు దాహానికి మద్యశాల తలుపు తట్టకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశమని ఒక కథ వాడుకలో ఉన్నది. కథ నిజమెంతయినా కుళాయిలు మాత్రం నిజం. అమెరికావాడు కంచుతో చేసినది తెలుగునాట మట్టికుండతో, తాటాకు పందిరితో చేస్తారు. దానిని చలివేంద్రం అంటారు.

ఇక గోడల సంగతి. వీధికి అందం తెచ్చేది భవనం ఎత్తు అని పలువురు అనుకుంటారు. నడిచేవాడు తల ఎత్తి చూసేది అరుదు. అతని చూపు తన కంటి ఎత్తులోనే ఇటూ అటూ తిరుగుతుంది. డెన్మార్కు వాస్తుశిల్పి యాన్ గేల్ జీవితమంతా ఈ చూపును గురించే ఆలోచించాడు. మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు. నూరు మీటర్ల నిడివిలో 15 నుంచి 20 గుమ్మాలుంటే నాలుగైదు సెకన్లకొక కొత్త దృశ్యం ఎదురవుతుంది. అట్టి వీధిలో అలుపు తెలియదని ఆయన అంటాడు. హైదరాబాదులో చార్మినార్ నుంచి పడమరగా సాగే లాడ్ బజారును తలచుకుంటే ఆయన మాట అర్థమవుతుంది. గాజుల దుకాణాల ముంగిళ్లు ఇరుకు, గుమ్మాలు దగ్గర దగ్గర, ప్రతి గుమ్మం దగ్గరా కొత్త రంగు, కొత్త పిలుపు. అదే దూరం ఒక కార్యాలయపు ప్రహరీ గోడ వెంట నడవవలసి వస్తే రెండింతలనిపిస్తుంది. ఈ గుణం లాడ్ బజారుకు ఏ శాసనమూ ఇవ్వలేదు. తరతరాల వ్యాపారం ఇచ్చింది. పెద్ద పెద్ద సంస్థలు భవనాలు లేపే కాలంలో అది దానంతటది రాదు. అందుకే పోర్ట్‌లండ్ నగర మధ్యంలో వీధికి ఎదురైన నేల అంతస్తు గోడకు సగం నిడివిలోనైనా కిటికీలు ఉండాలని నియమం పెట్టారు. బోసిగోడ కట్టే స్వేచ్ఛను తగ్గించి, చూపుకు స్వేచ్ఛ ఇచ్చారన్నమాట. కిటికీ వల్ల మరొక మేలు కూడా ఉన్నది. వీధి మీద నలుగురి కళ్లు ఉంటేనే వీధి క్షేమంగా ఉంటుందని జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే చెప్పింది. రాత్రి తొమ్మిది గంటలకు బండి దిగి ఒంటరిగా నడిచిపోయే ఆడపిల్లకు పోలీసు కేంద్రం ఎంత దూరాన ఉన్నదన్న లెక్క కన్నా, ప్రక్క దుకాణంలో దీపం వెలుగుతున్నదా అన్నదే ధైర్యం.

ఇదంతా చదివినవారికి పట్టాలు వేస్తే వీధి బాగుపడుతుందని తోచవచ్చు. అలా తోచకుండా ఉండటానికి బఫెలో కథ తెలియాలి. అమెరికా తూర్పు భాగంలో, నయాగరా జలపాతానికి చేరువలో ఉన్న నగరమది. ఒకనాడు ఉక్కుకూ, ధాన్యం రవాణాకూ పేరుపొందింది. 1979లో అక్కడ లైట్ రైల్ నిర్మాణం మొదలయింది. మార్గం మొత్తం సుమారు 10 కిలోమీటర్లు. చాలా నగరాలకు విరుద్ధంగా, అక్కడ శివారు వైపు సొరంగంలోనూ, నగర మధ్యాన మెయిన్ స్ట్రీట్‌లో నేలమీదనూ బండి నడుస్తుంది. 1984లో నేలమీది భాగం తెరిచారు. ఆ వీధిలో కార్లను పూర్తిగా నిషేధించారు. ఆ భాగంలో రైలు ప్రయాణం ఉచితం. కాగితం మీద ఇంతకన్నా కోరదగినది ఏముంటుంది? కాని ఏళ్ల తరబడి వీధి తవ్విపోసి ఉండటంతో అలవాటైన కొనుగోలుదారులు శివారు బజారులకు మళ్లారు. మళ్లినవారు తిరిగి రాలేదు. పెద్ద దుకాణాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. బళ్లు వచ్చేవి, పోయేవి. దిగిన మనిషికి మూసిన తలుపులు ఎదురయ్యేవి. చివరకు 2015లో ఆ వీధిలో కొంత భాగాన కార్లను మళ్లీ రానిచ్చారు.

తప్పంతా పట్టాలదే అనడం న్యాయం కాదు. 1950లో 5,80,000 మంది ఉన్న నగరంలో 1980 నాటికి 3,58,000 మందే మిగిలారు. మార్గాన్ని శివారులోని విశ్వవిద్యాలయపు కొత్త ప్రాంగణం దాకా పొడిగించాలన్న తొలి ఆలోచన కూడా నెరవేరలేదు. ఐనా ఒక సంగతి దాచలేనిది. కార్లను వెళ్లగొడితే ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని మనుషులతో నింపే పని వేరే చేయాలి. వీధిలో నివసించేవారు లేకపోతే సాయంత్రం ఆరు తర్వాత ఆ ఖాళీ మరీ భయపెడుతుంది. బండి ఖర్చును లెక్కించినవారు మెయిన్ స్ట్రీట్‌లో దుకాణం నడుపుకొనేవాడు ఐదేళ్లు ఎలా బతుకుతాడన్నది లెక్కించలేదు.

ఇదే ప్రశ్న స్ట్రాస్‌బూర్‌లో ఎన్నికల అంశమయింది. ఫ్రాన్సు తూర్పు సరిహద్దున రైన్ నది చెంత ఉన్న ఆ నగరానికి మధ్యయుగపు ఇరుకు వీధులు, గొప్ప ప్రార్థనాలయం ఉన్నాయి. 1980ల చివర నగరానికి రెండు మార్గాలు తోచాయి. ఒకటి, భూగర్భంలో తనంతట తాను నడిచే చిన్న మెట్రో. రెండవది, నేలమీద ట్రాం. వర్తకులలో ఎక్కువమంది మెట్రోనే కోరారు. వారి తర్కం సులువైనది: బండి భూమిలో పోతే పైన కార్లు యథాప్రకారం వస్తాయి, కార్లలో కొనుగోలుదారులు వస్తారు. క్యాథరీన్ ట్రాట్‌మన్ ట్రాం ప్రక్షాన నిలిచి 1989లో మేయరుగా ఎన్నికయింది. మెట్రోకు అయ్యే ధనంతో దానికి కొన్ని రెట్ల నిడివిగల ట్రాం మార్గం వేయవచ్చునన్నది ఒక వాదం. వీధిని కార్ల నుంచి తిరిగి తీసుకోవడానికి అదే అదను అన్నది అసలు వాదం. 1992లో నగర మధ్యం గుండా కార్లు అడ్డంగా దాటిపోవడాన్ని నిషేధించారు. అప్పటిదాకా వాహనాల హోరులో మునిగి ఉన్న క్లెబెర్ చౌకు పాదచారుల పాలయింది. 1994 నవంబరులో మొదటి ట్రాం నడిచింది. మరుసటి ఏడాది ఆమె తిరిగి ఎన్నికయింది.

ఆ ట్రాంను చేసిన తీరు కూడా ఆలోచించి చేసినదే. బండి నేల పట్టాలకు 35 సెంటీమీటర్ల ఎత్తులోనే, ముందు నుంచి వెనుక దాకా సమతలంగా ఉంటుంది. కాలిబాటను కొద్దిగా ఎత్తు చేస్తే చాలు, చక్రాల కుర్చీలో ఉన్నవారు, పిల్లల బండి తోసుకొచ్చే తల్లి, మోకాళ్లు పట్టేసిన వృద్ధులు ఒకరి చేయి అందుకోకుండానే ఎక్కగలరు. కిటికీలు దాదాపు నేలదాకా దిగి ఉంటాయి. లోపల కూర్చున్నవారికి వీధి కనబడుతుంది, వీధిలోనివారికి లోపలివారు కనబడతారు. కొన్ని చోట్ల పట్టాల నడుమ గడ్డి పెంచారు. చప్పుడును కొంత అదే మింగుతుంది. ఓమ్ ద ఫేర్ అనే కూడలిలో మార్గాలు కలిసేచోట వృత్తాకారపు గాజు కప్పు వేశారు. పట్టాలు పడే రెండు మూడు గజాలను మాత్రమే బాగుచేసి వదలకుండా, వీధికి ఈ ప్రక్క గోడ నుంచి ఆ ప్రక్క గోడ దాకా అంతా విప్పి మళ్లీ పేర్చడం ఫ్రెంచివారి పద్ధతి. రాళ్లు, చెట్లు, దీపాలు, బల్లలు అన్నీ ట్రాం ఖర్చులోనే లెక్కకు వస్తాయి. ఖర్చు పెరిగిందని విమర్శించేవారు ఉంటారు. ఐతే తవ్వకం ఒక్కసారే జరుగుతుంది. ముందు పట్టాలకు, తర్వాత నీటిగొట్టాలకు, ఆ తర్వాత కాలిబాటకు ముమ్మారు తవ్వించుకొనే వీధుల బాధ ఎరిగినవారికి ఆ ఒక్కసారి విలువ తెలుస్తుంది.

తవ్వకం నాటి కష్టాన్ని ఫ్రెంచి నగరాలు చిన్నచూపు చూడలేదు. ట్రాం పనుల వల్ల వ్యాపారం పడిపోయిన చిన్న దుకాణదారుల లెక్కలు చూసి, నష్టపరిహారం నిర్ణయించడానికి సంఘాలను నియమించడం అక్కడ వాడుకగా మారింది. రొట్టెలు కాల్చేవాడికీ, చెప్పులు కుట్టేవాడికీ మూడేళ్ల తర్వాత వచ్చే వైభవాన్ని వర్ణించి చెబితే కడుపు నిండదు. ఈ నెల అద్దె ఎవరిస్తారన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన చోట వ్యతిరేకత మెత్తబడింది. 2017లో ఆ ట్రాం రైన్ నదిని దాటి జర్మనీలోని కేల్ పట్టణానికి కూడా చేరింది. రెండు యుద్ధాల పగలు చూసిన ఆ నది మీద ఇప్పుడు కూరగాయలు కొనుక్కొని ఇంటికి పోయేవారు ట్రాంలో దాటుతారు.

తెలుగునాట పట్టాల బండి వచ్చింది హైదరాబాదులో. 2017 నవంబరు 29న మెట్రో మొదటి 30 కిలోమీటర్లు తెరుచుకున్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లయ్యాయి. అది లైట్ రైల్ కాదు. స్తంభాల మీద, వీధికి పైయెత్తున పోయే బండి. సుల్తాన్ బజారు వర్తకులు తమ పాత బజారు ఏమవుతుందోనని ఏళ్ల తరబడి అభ్యంతరపెట్టడం అందరూ ఎరిగినదే. బండి పైన పోయినా దిగినవాడి కాళ్లు చేరేది కింది కాలిబాటనే. స్ట్రాస్‌బూర్ వర్తకులు భూమిలో దాచాలనుకున్న సమస్య ఇక్కడ ఆకాశానికి ఎక్కినా, పరిష్కారం మాత్రం నేలమీదనే వెతకాలి. మెట్లు దిగేచోట తోపుడుబండి నిలిచే జాగా, ఆటో ఆగే జాగా, నడిచే జాగా విడివిడిగా గీయకపోతే మూడూ ఒకదానినొకటి తొక్కుకుంటాయి. అపరాధం తోపుడుబండిదని తేల్చి దానిని తరిమేయడం తేలిక. అరటిపండ్లమ్మే మనిషి ఉన్న మూలనే రాత్రివేళ కూడా దీపం ఉంటుందన్నది మరచిపోవడమూ అంతే తేలిక.

2014 తర్వాత విజయవాడకూ, విశాఖపట్నానికీ పట్టాల ప్రతిపాదనలు పలుమార్లు తయారయ్యాయి, మారాయి. ఏ రూపంలో వచ్చినా అక్కడ వీధిని దిద్దేవారు ఫ్రాన్సు కన్నా ఎక్కువగా చూడవలసిన నగరం అరిజోనా ఎడారిలోని ఫీనిక్స్. అక్కడ వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం కద్దు. 2008 డిసెంబరులో మొదలైన లైట్ రైల్‌కు స్టేషనులన్నింటా నీడనిచ్చే కప్పులు, వాలుపలకలు అమర్చారు. తాగడానికి చల్లని నీరు పెట్టారు. రోహిణి కార్తె ఎండలో బండి కోసం పది నిమిషాలు నిలబడవలసినవారికి ఇటుక నేల అందమూ, కంచు విగ్రహమూ అక్కరలేదు. నీడ కావాలి. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో మధ్యాహ్నం దాటాక పడమటి వైపు భవనాల నీడ ఆ ప్రక్క కాలిబాట మీదనే ముందుగా పడుతుంది. సాయంకాలం జనం ఎక్కువగా నిలిచే ఆగుడు ఆ ప్రక్కనే ఉండాలి. ఎత్తయిన మార్గం కింద పడే నీడ అధికభాగం వీధి నడుమ, బళ్లు పరుగెత్తే చోట వృథా అవుతుంది. దానిని కాలిబాట మీదికి తేలేరు గనుక చెట్టు నాటవలసిందే. పట్టాల మార్గం పూర్తి కావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. వేపమొక్క మనిషికి నీడనిచ్చేంత ఎదగడానికీ దాదాపు అంతే కాలం కావాలి. ఆ మొక్కను మొదటి స్తంభానికి గుంట తీసిన ఏడే నాటాలి.